కొత్త మంచు, మొదటి పదిహేను నిమిషాలు

కామారెడ్డి మీదుగా దక్షిణానికి సాగే 44వ నంబరు జాతీయ రహదారి శ్రీనగర్‌లో మొదలవుతుంది. ఆ నగరానికి సుమారు 50 కిలోమీటర్ల దూరంలో, పీర్ పంజాల్ శ్రేణిలో ఉన్న గుల్మార్గ్ వాలులు మన దేశంలో స్కీయింగ్‌కు ఎంతో పేరుపొందినవి. ఈ కథనం అంశం మంచు క్రీడల ఆనందమే అయినా, పరిశీలించిన కాగితాలన్నిటిలో అత్యంత సజీవంగా నిలిచినది 1994లో ‘నేచర్’ పత్రిక ప్రచురించిన ఒక చిన్న రేఖాచిత్రం.

దాని విలువ తెలియాలంటే ముందు ఆ ఆనందం ఎటువంటిదో తెలియాలి. యంత్రాలతో చదును చేసి, హద్దుజెండాలు పాతి, పర్యవేక్షణలో ఉంచిన వాలును పిస్ట్ అంటారు. ఆ హద్దు దాటి, ఎవరూ తొక్కని మంచులోకి దిగడమే ఆఫ్ పిస్ట్ స్కీయింగ్. అప్పుడే కురిసిన పొడి మంచు ఘనమీటరుకు 50 నుంచి 100 కిలోల బరువే ఉంటుంది, అంటే అందులో అధికభాగం గాలే కాబట్టి, వెడల్పాటి స్కీలు నేలను తాకకుండా తేలుతూ సాగుతాయి, గట్టి వాలు మీద వినిపించే గీరుడు శబ్దం పూర్తిగా అణగిపోతుంది, బరువును ఒక కాలి మీద మోపే అలవాటు మానుకుని రెండు కాళ్లకూ సమంగా పంచిన మనిషి ఒక మలుపులోంచి మరొక మలుపులోకి శ్రమ లేకుండా జారిపోతాడు. ఈ సుఖం నిజమైనది, ప్రయాణమూ ఖర్చూ పెట్టి వెతుక్కోదగినది. దాన్ని కేవలం దుస్సాహసంగా కొట్టిపారేయడం న్యాయం కాదు.

అయితే ఆ కొత్త మంచే, ముఖ్యంగా మంచు కురిసిన తొలి ఒకటి రెండు రోజుల్లో, మంచు చరియలు విరిగిపడే ప్రమాదాన్ని పెంచుతుంది. గాలి తోసుకువచ్చి గట్టిపరచిన పొర, దాని కింద పలుకులు పలుకులుగా విడిపోయిన పాత పొర మీద, ఏటవాలు ఇసుకపై సిమెంటు లేకుండా పరచిన షాబాదు బండలా నిలిచి ఉంటుంది. 30 నుంచి 45 డిగ్రీల వాలు మీద ఒక్క మనిషి బరువు చాలు, ఆ పలక మొత్తం ఒక్కసారిగా తెగి కదలడానికి. యాభై మీటర్ల పొడవు, అంతే వెడల్పు, అర మీటరు మందం గల పలక ఘనమీటరుకు 200 కిలోల చొప్పున 250 టన్నులు తూగుతుంది. ప్రాణాలు తీసే చరియల్లో అత్యధిక భాగం బాధితుడో, అతని బృందంలోని వారో స్వయంగా కదిల్చినవేనన్నది మంచు చరియల శాస్త్రంలో స్థిరపడిన విషయం.

ఇక ఆ రేఖాచిత్రం. 1981 నుంచి 1991 వరకు స్విట్జర్లాండ్‌లో మంచు కింద పూర్తిగా కూరుకుపోయిన 422 మంది వివరాలను ఫాక్, బ్రుగర్, అడ్లర్-కాస్ట్నర్ అనే పరిశోధకులు క్రోడీకరించి, కూరుకుపోయిన నిమిషాలను అడ్డంగా, బతికే అవకాశాన్ని నిలువుగా గీశారు. గీత మొదట దాదాపు సమతలంగా నడుస్తుంది: పదిహేను నిమిషాల్లో వెలికితీస్తే నూటికి 92 మంది బతుకుతారు. అక్కడి నుంచి అది నిట్టనిలువుగా పడిపోయి, 35వ నిమిషానికి 30 శాతానికి దిగుతుంది. ఆ ఇరవై నిమిషాల్లో జరిగేది ప్రధానంగా ఊపిరాడకపోవడమే, ఎందుకంటే ముఖం చుట్టూ మంచు బిగిసి, వదిలిన శ్వాసలోని తేమ గడ్డకట్టి గాలి చొరని పొరగా మారుతుంది, వదిలిన గాలినే మళ్లీ పీల్చవలసి వస్తుంది. ఆ తరువాత గీత కొంతసేపు నిలకడగా సాగుతుంది. ముఖం ముందు కాస్త గాలి సందు మిగిలినవారు ఆ భాగానికి చెందుతారు. 2024లో వెలువడిన మరింత విస్తృతమైన స్విస్ అధ్యయనం తొలి సురక్షిత వ్యవధిని సుమారు పది నిమిషాలకు కుదించింది.

ఈ గీత చెప్పే కఠిన సత్యం ఏమిటంటే, హెలికాప్టరు గానీ సహాయక దళం గానీ సాధారణంగా ఆ వ్యవధిలో చేరలేవు గనుక, కూరుకుపోయినవాడికి మిగిలే ఆశ పక్కనున్న స్నేహితులే. అందుకే ప్రతి ఒక్కరి ఒంటిమీద 457 కిలోహెర్ట్జ్ సంకేతాన్ని పంపుతూ, అవసరమైనప్పుడు స్వీకరించే ట్రాన్సీవర్, సంచిలో లోతు వెతికే ప్రోబ్ కడ్డీ, లోహపు పార ఉండాలి. ఒకరి వద్ద లేకపోతే ఆ లోటు బృందమంతటిదీ అవుతుంది. సంకేతం దొరకడానికి కొద్ది నిమిషాలే పట్టినా, గట్టిబడిన మంచును తవ్వడానికే అధిక సమయం పడుతుంది కాబట్టి, వాలుకు దిగువ నుంచి అడ్డంగా తవ్వుకుంటూ వెళ్లడం ముందే సాధన చేయాలి. పరికరం కొన్నంత మాత్రాన భద్రత వచ్చిందనే నమ్మకం మీద ఈ కథనానికి బలమైన సందేహం ఉంది.

ఈ ప్రమాదానికి గుల్మార్గ్‌లోనే తార్కాణాలున్నాయి: 2023 ఫిబ్రవరి 1న అఫర్వత్ వాలుల మీద ఇద్దరు పోలండ్ దేశస్థులు, 2024 ఫిబ్రవరి 22న ఒక రష్యా దేశస్థుడు చరియల కింద మరణించారు. తెలుగు నేలకూ ఈ శోకం కొత్త కాదు. 2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లో చరియ కింద పడి మరణించిన పదిమంది సైనికులలో ఒకరు కర్నూలు జిల్లావారు.

కామారెడ్డి ప్రాంతానికి మంచు పాఠం నేర్పగల పేరు మాలావత్ పూర్ణ. నేడు కామారెడ్డి జిల్లాలో ఉన్న తాడ్వాయి గురుకులంలో చదివి, భువనగిరి గుట్ట మీద ఎక్కడం నేర్చుకుని, డార్జిలింగ్‌లోను, లడఖ్ చలిలోను శిక్షణ పొందిన ఆమె 2014 మే 25న టిబెట్ వైపు నుంచి ఎవరెస్టును అధిరోహించింది. అదే ఏడాది ఏప్రిల్ 18న నేపాల్ వైపు మంచు కూలి 16 మంది నేపాలీ సిబ్బంది మరణించారు. భువనగిరి రాయి నిన్నటిలాగే రేపూ ఉంటుంది. మంచు మాత్రం రాత్రికి రాత్రే వేరే వాలు అవుతుంది. గుట్టల మీద పెరిగిన నైపుణ్యానికి మంచు చదివే శిక్షణ విడిగా తోడు కావలసిన కారణం ఇదే.

చరిత్ర క్లుప్తంగా: గుల్మార్గ్‌లో స్కీయింగ్ బ్రిటిష్ కాలంలో మొదలైంది, అక్కడి కేబుల్ కారు రెండవ దశ 2005లో సుమారు 3,980 మీటర్ల ఎత్తుకు దారితీయడంతో ఆఫ్ పిస్ట్ వాలులు సులభంగా అందుబాటులోకి వచ్చాయి, ఐరోపాలో మంచు చరియల ఐదు అంచెల ప్రమాద సూచిక 1993లో రూపొందింది.

బయలుదేరేముందు

మన దేశంలో రక్షణ పరిశోధన సంస్థకు చెందిన డీజీఆర్ఈ మంచు చరియల హెచ్చరికలు రూపొందిస్తుంది. జమ్మూకశ్మీర్‌లో విపత్తు నిర్వహణ అధికారులు వాటిని జిల్లాలవారీగా విడుదల చేస్తారు, గుల్మార్గ్ బారాముల్లా జిల్లాలోకి వస్తుంది. ఐదు అంచెల ప్రమాద సూచికలో మూడవ స్థాయిని మధ్యస్థమని తేలికగా తీసుకోరాదు, ఐరోపాలో మరణాలలో పెద్ద భాగం ఆ స్థాయి రోజుల్లోనే సంభవించింది. వాలును ఒక్కొక్కరుగా దాటాలి, మిగిలినవారు సురక్షిత స్థానం నుంచి చూస్తూ ఉండాలి. కాలి కింద మంచు దుప్పుమని దిగినట్టు వినిపించినా, పగుళ్లు పాకినా ఆ వాలును విడిచి వెనుదిరగాలి. స్థానిక గైడు లేకుండా హద్దుజెండా దాటరాదు. అత్యవసర సహాయానికి దేశమంతటా 112.