పాడి పోయింది, పద్దు మిగిలింది

జవాన్లకు పాలు పోయడానికి 1889లో అలహాబాద్‌లో బ్రిటిష్ పాలకులు మొదలుపెట్టిన మిలిటరీ డెయిరీల వ్యవస్థకు 2021 మార్చి 31న తెరపడింది. ఊరూరా ప్యాకెట్ పాలు దొరకడం మొదలై అప్పటికే దశాబ్దాలు దాటింది!

సైన్యంలో పోరాడే దళాల కన్నా వెనక ఉండే పరివారం బరువెక్కిందన్నది పాత ఫిర్యాదే. విశ్రాంత లెఫ్టినెంట్ జనరల్ డి.బి. షెకట్కర్ కమిటీ 2016 డిసెంబర్‌లో దీనికి లెక్క కట్టింది. తన సిఫార్సులు అమలైతే ఐదేళ్లలో రూ.25,000 కోట్ల దాకా మిగులుతుందని, ఆ సొమ్మును పోరాట సామర్థ్యం పెంచడానికే వాడాలని చెప్పింది. 2017 ఆగస్టులో ప్రభుత్వం 65 సిఫార్సులకు తలూపింది. సుమారు 57,000 మందిని కొత్త విధులకు మార్చాలని నిర్ణయించింది. మార్చడమే తప్ప తగ్గించడం కాదు. కాబట్టి జీతాల పద్దు ఎక్కడికీ పోలేదు. 2020లో మిలిటరీ ఇంజనీర్ సర్వీసెస్‌లో 9,304 పోస్టులు రద్దు చేశారు కానీ, అవి అప్పటికే ఖాళీగా ఉన్నవి.

అసలు బరువు మరోచోట ఉంది. 2025-26 రక్షణ బడ్జెట్ రూ.6.81 లక్షల కోట్లలో పింఛన్లకే రూ.1.61 లక్షల కోట్లు. కొత్త ఆయుధాలు, విమానాలు, నౌకలకు రూ.1.49 లక్షల కోట్లు. మంజూరైన పింఛన్‌ను ఏ కమిటీ మాత్రం కోయగలదు?

ఇంకో చిక్కు కూడా ఉంది. మార్చి నెలాఖరుకు ఖర్చుకాని డబ్బు ఖజానాకే వెనక్కి వెళుతుంది. డెయిరీల్లో మిగిల్చింది ఫిరంగులకు చేరాలంటే దానికి వేరే ఖాతా కావాలి. మురిగిపోని ఆధునికీకరణ నిధి పెట్టమని 15వ ఆర్థిక సంఘం సూచించింది అందుకే.