ఆకాశంలో ఎదురుపడితే

చెన్నైకీ బెంగళూరుకీ నడుమ ఉన్న ఊరు మా వెంకటగిరికోట. టమాటా లారీలకు లోడు ఎత్తుతూ తలెత్తితే పైన విమానం పోతుంటుంది. మొగిలి ఘాట్ మలుపులో లారీ డ్రైవరుకు హారన్ ఉంది, రాత్రయితే ఎదుటి బండి లైటు ముందే పడుతుంది. మరి పైన? రాడార్ ముందు కూర్చుని దారి చెప్పే కంట్రోలర్ ఉంటే సరే. లేని చోట?

ఒకప్పుడు అక్కడ పైలట్ కన్నే దిక్కు. 1956 జూన్ 30న లాస్ ఏంజిలిస్‌లో మూడు నిమిషాల తేడాతో లేచిన రెండు విమానాలు గ్రాండ్ కాన్యన్ మీద, కంట్రోలర్ల అజమాయిషీ లేని ఆకాశంలో, 21,000 అడుగుల ఎత్తున గుద్దుకున్నాయి. పైలట్లు వేళకు ఒకరినొకరు చూసుకోలేకపోయారు. 128 మందిలో ఒక్కరూ మిగల్లేదు.

బెండిక్స్ కంపెనీ శాస్త్రవేత్త జాన్ మోరెల్ అప్పట్లోనే అసలు లెక్క పట్టుకున్నాడు. ఎదురెదురుగా గంటకు 850 కిలోమీటర్ల వేగంతో వచ్చే రెండు విమానాల మధ్య 12 కిలోమీటర్లున్నా, చేతిలో ఉన్నది 25 సెకన్లే. ఒకే వేగంతో ఒకదాని వెనక ఒకటి పోతుంటే అదే 12 కిలోమీటర్లు ఎంతసేపైనా భద్రమే. కాబట్టి దూరాన్ని దగ్గరవుతున్న వేగంతో భాగించి, మిగిలిన గడువు చూడాలన్నాడు. ఎంత చిన్న భాగహారం! టీకాస్ అనే యంత్రానికి ప్రాణం అదే. అయినా అది విమానాల్లోకి ఎక్కడానికి దాదాపు ముప్పై ఏళ్లు పట్టింది.

టీకాస్ సెకనుకోసారి రేడియోలో చుట్టూ కేకేస్తుంది. పక్క విమానంలోని ట్రాన్స్‌పాండర్ అనే పరికరం తన ఎత్తు చెబుతూ బదులిస్తుంది. బదులు రావడానికి పట్టిన సమయమే దూరం చెబుతుంది. గడువు తరుగుతుంటే ముందు ‘ట్రాఫిక్’ అని హెచ్చరిస్తుంది, ఇంకా తరిగితే ‘ఎక్కు’ లేదా ‘దిగు’ అని ఆజ్ఞాపిస్తుంది. పొలం గట్టు మీద ఎదురుపడ్డ ఇద్దరూ ఒకే పక్కకు తప్పుకోబోయి ఢీకొంటారు చూడండి, అలా కాకుండా రెండు యంత్రాలూ ముందే మాట్లాడుకుని ఒకటి పైకి, ఒకటి కిందికి పంచుకుంటాయి. నేల మీది మనిషితో పనే లేదు.

1996 నవంబర్ 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ మీద రెండు విమానాలు గుద్దుకుని 349 మంది పోయారు. ఆ తర్వాతే మన దేశం ఈ యంత్రాన్ని తప్పనిసరి చేసింది. అంతమంది పోయాక గానీ కదలకపోవడం నన్నిప్పటికీ బాధిస్తుంది. 2002 జులై 1న జర్మనీలోని ఉబర్లింగెన్ దగ్గర ఒక రష్యా విమానానికి యంత్రం ‘ఎక్కు’ అంటే కంట్రోలర్ ‘దిగు’ అన్నాడు. పైలట్లు కంట్రోలర్ మాట విన్నారు. ఇంకో విమానాన్ని గుద్దుకుని 71 మంది చనిపోయారు. యంత్రం ఆజ్ఞాపించాక ఇంకెవరి మాటా వినకూడదన్న నియమం గట్టిపడింది ఆ తర్వాతే.

అయితే ట్రాన్స్‌పాండర్ లేని చిన్న విమానం, గ్లైడర్ టీకాస్‌కు కనబడవు. కంట్రోలర్ లేని ఆకాశంలో అవి ఎగిరేచోట రేడియోలో తామున్న చోటు చెప్పుకోవడం, కళ్లు విప్పి చూడడం ఈనాటికీ తప్పదు.

ట్రాన్స్‌పాండర్లున్న విమానాలకు మాత్రం టీకాస్ ఆసరా ఉంది. 2018 జులై 10న బెంగళూరు గగనతలంలో కోయంబత్తూరు నుంచి హైదరాబాద్ వస్తున్న విమానం, బెంగళూరు నుంచి కొచ్చి పోతున్న విమానం దగ్గరపడ్డాయి. ఎత్తులో తేడా 200 అడుగులు. టీకాస్ అరిచింది, పైలట్లు విన్నారు. రెండింటిలోని 328 మంది ప్రయాణికులూ క్షేమంగా దిగారు.