హారన్ గొంతు ఎందుకు పూడుకుపోతది?

వరి కోతలప్పుడు వీపనగండ్ల నుంచి పెబ్బేరు దిక్కు బండి మీద పోయి చూడు బిడ్డా. సగం రోడ్డు మీద వడ్లు ఎండుతుంటయి, మలుపు తిరిగితే గొర్లమంద. అట్లాంటి చోట హారన్ మూలిగిందంటే ప్రాణం మీదికొస్తది. చాలామంది వెంటనే కొత్త హారన్ బిగిస్తరు. నేనైతే ఆగమంటా. ఎక్కువసార్లు చెడింది హారన్ కాదు, దానికి కరెంటు సరిగ్గా అందుతలేదు.

హారన్ లోపల ఒక తీగచుట్ట, దాని ముందర పలుచని ఉక్కు రేకు, రెండు పాయింట్లు ఉంటయి. బటన్ నొక్కితే తీగచుట్ట అయస్కాంతమై రేకును లాగుతది. రేకు కదలంగనే పాయింట్లు విడిపోయి కరెంటు తెగుతది, రేకు వెనక్కి పోతది, పాయింట్లు మళ్ళీ కలుస్తయి. సెకనుకు కొన్ని వందలసార్లు ఇదే ఆట. విలియం స్టర్జన్ అనే ఇంగ్లీషాయన ఇనుముకు తీగ చుట్టి విద్యుదయస్కాంతాన్ని చూపించింది 1825లో. బడిలో మోగే పాత కరెంటు గంటదీ ఇదే కిటుకు.

ఇప్పుడు అసలు సంగతి. హారన్‌కు సుమారు రెండున్నర ఆంపియర్లు కావాలె. దారిలో తుప్పుపట్టిన ఒక్క అతుకు ఒక ఓమ్ అడ్డం పెట్టిందనుకో, 12 వోల్టుల్లో సుమారు 2 అక్కడే పోతయి. వోల్టేజి ఆరో వంతు తగ్గితే బలం దాదాపు మూడో వంతు తగ్గుతది. కాలువలో ఒక్కచోట పూడిక అడ్డం పడితే చివరి మడికి నీళ్ళు సరిగ్గా అందనట్టే.

అందుకే ముందు బ్యాటరీ చూడు. ఇంజను రేస్ చేసినప్పుడు గట్టిగా మోగి, నెమ్మదిగా తిరిగినప్పుడు నీరసపడితే అనుమానం దాని మీదనే. బ్యాటరీ బాగుంటే, హారన్ పిన్నులకు ఉన్న వైర్లు ఊడదీసి, బ్యాటరీ నుంచి రెండు వైర్లు నేరుగా దానికి తాకించు. అప్పుడు గట్టిగా మోగిందా, హారన్ మంచిదే. తప్పు వైర్లలోనో, ఎర్త్ అతుకులోనో, బటన్ లోపల నల్లబడ్డ రాగి ముక్కలోనో ఉంటది. గరుకు కాగితంతో గీకి బిగిస్తే చాలు. దుమ్ము, వానలో తడుపు, సర్వీసింగులో నీళ్ళ ధార, ఇవే ఆ తుప్పుకు మూలం.

హారన్‌ను పట్టుకునే సన్నని ఉక్కు పట్టీ కూడా చూడు. అది ఊగుతుండాలె. ఊగకుండా తాడుతోనో, వైరుతోనో బండికి కట్టేస్తే గొంతు నొక్కినట్టయితది.

నేరుగా ఇచ్చినా "టక్" అని ఊరుకుంటే పాయింట్లు విడిపోతలేవన్నమాట. వెనకాల స్క్రూ ఉంటది, దాన్ని పావు చుట్టు కన్నా తక్కువ తిప్పు, ఒక్కసారి మోగించి విను, మళ్ళీ తిప్పు. బటన్ నొక్కిపట్టి ఉంచకు, తీగచుట్ట వేడెక్కుతది, ఫ్యూజు కాలుతది. ఎంత తిప్పినా "టక్" కూడా లేకుంటే లోపల తీగ తెగిందనో, పాయింట్లు కాలినయనో అనుకో. అప్పుడు కొత్తది కొను. కానీ రకరకాల రాగాలు తీసేది మాత్రం వద్దు. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు వాటిని ఒప్పుకోవు, రోడ్డు పక్కన నడిచే ముసలోళ్ళు, పసిపిల్లలు ఉలిక్కిపడతరు.