‘బాగనే ఉన్న బిడ్డా’: ముసలితనాన్ని కొలిచే లెక్కలు

భద్రాచలం అడవి అంచున ఒక మాదిగ గూడెంలో ఒక పెద్దమ్మను అడిగిన: “నీ బతుకు మీద నీకెంత తృప్తి ఉంది? అసలు లేదా, కొంచెమా, మధ్యస్తమా, బాగానా, చాలా బాగానా?” ఆమె మిరపకాయల తొడిమలు తీస్తనే “బాగనే ఉన్న బిడ్డా, నాకేమైంది?” అన్నది. నాలుగో గడిలో టిక్కు పెట్టిన. ఆమె రెండు కండ్లకూ పొరలొచ్చినయి. ముందు రోజు రాత్రి గంజి తాగి పండుకున్నది. ఆ సంగతులు అదే ఫారంలో వేరే పేజీలో ఉన్నయి. ఆ రెండు పేజీలను పక్కపక్కన పెట్టి చూసుకున్నప్పుడు నా కొలబద్ద మీదే నాకు అనుమానం పుట్టింది.

ఈ కొలబద్దలు ఎక్కడివి? 1963లో అమెరికాలో కాట్జ్ అనే డాక్టరు ఆరు పనులు ఎంచుకున్నాడు. స్నానం, బట్టలు కట్టుకోవడం, దొడ్డికి పోవడం, మంచం దిగడం, మలమూత్రాలు ఆపుకోవడం, తినడం. ఇవి సొంతంగా చేసుకోగలిగితే స్వతంత్రుడన్నట్టు. 1969లో లాటన్, బ్రోడీలు టెలిఫోను, బజారు, వంట, డబ్బు లెక్కలు, మందులు వేసుకోవడం లాంటివి చేర్చినారు. 1990లలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇంకో అడుగు వేసింది. మనిషి తన సంస్కృతిలో, విలువల్లో, తన ఆశల లెక్కన తన స్థానాన్ని తానెట్ల చూసుకుంటున్నదో అదే జీవన నాణ్యత అన్నది. ఢిల్లీ, మద్రాసుతో సహా 15 కేంద్రాల్లో పని చేసి 100 ప్రశ్నలు తయారు చేసినారు. తర్వాత అవి 26కు కుదిరినయి. ముసలివాళ్ల కోసం విడిగా 24 ప్రశ్నలు వచ్చినయి.

మనిషినే అడగాలనడం మంచిదే. మన బతుకు గురించి ఇంకెవరో చెప్తే మనమెందుకు ఒప్పుకోవాలె? కానీ ఇక్కడే ఒక చిక్కుంది. బెంగాల్ కరువు తర్వాత, 1944లో, కలకత్తా దగ్గర సింగూరులో ఒక సర్వే జరిగింది. భార్యలు పోయిన మగవాళ్లలో 48.5 శాతం మంది మా ఆరోగ్యం బాగలేదనో అంతంత మాత్రమనో చెప్పుకున్నారు. భర్తలు పోయిన ఆడవాళ్లలో అట్లా చెప్పుకున్నది 2.5 శాతమే. అమర్త్యసేన్ ఈ లెక్కను మళ్లీ మళ్లీ ఎత్తి చూపించాడు. వితంతువులు ఆరోగ్యంగా ఉన్నారని కాదు, నాకు జబ్బు అని చెప్పుకునే హక్కు తమకుందని వాళ్లు అనుకోలేదు. మా పెద్దమ్మ నాలుగో గడి కూడా అటువంటిదే. అడగడం నేర్పని సమాజం, అడగలేదు గనక బాగుందని రాసుకుంటది.

మా ఇంట్లో డిగ్రీ మొహం చూసినోణ్ణి నేనే మొదటోణ్ణి. మా నాయినమ్మ ముందు ఈ ఫారం పెట్టే ధైర్యం నాకు రాలేదు.

వయసు కాడనే తంటా. “నీకెన్నేండ్లు?” అంటే “86 పెద్దొరదకు నాకు ఇద్దరు మనుమలు” అన్నది ఇంకొక అవ్వ. ఆ ఆగస్టులో భద్రాచలం కాడ గోదావరి 75.6 అడుగులెక్కింది. ఆ లెక్కన ఆమెకు ఎనభై దాటాలె. ఆధార్ కార్డులో 62. ఫించను వయసు వచ్చేది కార్డు లెక్కనే గదా. వేలిముద్ర ఇంకో తంటా. కూలి పనికి అరిగిన వేళ్లను మిషను ఒకపట్టాన గుర్తు పట్టదు. కాట్జ్ జాబితాలో వేలిముద్ర పడటం లేదు, మన దగ్గర దాన్ని చేర్చుకోవాల్సిందే. సంతకు నడిచి పోయి రాగలదా, బోరింగు నుంచి బిందె తేగలదా అన్నవి కూడా.

ఇంక రాజ్యం గీసిన గీత చూడండి. 2014లో పోలవరం ముంపు పేరుతో కుక్కునూరు, వేలేరుపాడు, కూనవరం, చింతూరు లాంటి ఖమ్మం మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిసినయి. తెలంగాణలో వృద్ధాప్య ఫించను 2019లో 2,016 రూపాయలైంది. 2024 జూలైలో గీత అవతల 4,000 ఇచ్చిన్రు, ఇవతల అప్పటికీ అదే 2,016. ఒకే చుట్టరికం, ఒకే రకం మోకాళ్ల నొప్పి, చేతికొచ్చేది మాత్రం సగం. అవతలి ముసలోళ్లకు నాలుగు వేలున్నా ఊరు మునుగుతదన్న దిగులుంది. ఆ దిగులుకు ప్రశ్నావళిలో గడి లేదు.

నాకు ముఖ్యమనిపించేది ఇంకొకటి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 24 ప్రశ్నల్లో స్వేచ్ఛ గురించి, నలుగురిలో పాలుపంచుకోవడం గురించి ఉన్నయి. మన దగ్గర వాటికి చట్టంలోనే జాగా ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం గిరిజనేతరులు, అంటే ఏజెన్సీలోని మాల మాదిగలు కూడా, 2005 డిసెంబరు 13కు ముందు మూడు తరాలుగా, అంటే 75 ఏండ్లుగా, అడవిని నమ్ముకొని అక్కడ ఉంటున్నట్టు రుజువు చూపాలె. కాగితాలు మనకెక్కడివి? ఆ చట్టం నియమాల్లో పెద్దల వాంగ్మూలం రాసి పెడితే అది కూడా సాక్ష్యమే. అంటే ఆ అవ్వ జ్ఞాపకానికి భూమి విలువుంది. గ్రామసభలో ఆమెను ఎవరన్నా కూచోబెట్టి అడిగిన్రా, ఆమె మాట రాసుకున్నరా? పాలుపంచుకోవడాన్ని కొలవాలంటే నేను ఇది అడుగుత.

ఆ 24లో చావు గురించి కూడా ఉంది: ఎట్ల పోతానో అని భయమా, నొప్పి ఉంటదని భయమా అని. ఇదే ప్రశ్న మొదటి పెద్దమ్మను అడిగితే తొడిమలు తీసుడు ఆపింది. “పోవుడుకు భయమెందుకయ్యా. పోయినంక ఏడ పెడ్తరని. మన బొందలగడ్డను దున్నుకున్నరు గదా” అన్నది. ఏ గడిలో టిక్కు పెట్టాల్నో తెలువక, మార్జిన్‌లో ఆమె మాట ఆమె మాటగానే రాసుకున్న.