వీఆర్ పెట్టుకుంటే పడిపోయిన కాలు మళ్లీ నడుస్తదా?

మొన్న జగిత్యాల నుంచి ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు: "అన్నా, మా నాన్నకు పక్షవాతం వచ్చింది. వీఆర్ హెడ్‌సెట్ కొంటే నడుస్తడా?"

ఈ ప్రశ్న నాకు కొత్తది కాదు. మాది కోరుట్ల. మా పెద్దబాపు సిరిసిల్లలో సాంచాలు నడిపేటోడు. పొద్దంతా సాంచాల మధ్య తిరిగిన మనిషికి రెండేళ్ల కింద ఎడమ కాలు పడిపోయింది. సాఫ్ట్‌వేర్ జాబ్ చేసినోణ్ని కదా, నేను కూడా ముందు హెడ్‌సెట్ రేట్లే వెతికాను. అసలు సంగతి తర్వాత తెలిసింది.

స్ట్రోక్‌లో దెబ్బ తగిలేది మెదడుకు. రక్తనాళం మూసుకుపోయినా, చిట్లినా అక్కడి కణాలు చనిపోతాయి. అవి తిరిగి రావు. కానీ మిగిలిన మెదడు కొత్త దారులు వేసుకోగలదు. దీన్నే న్యూరోప్లాస్టిసిటీ అంటారు. దానికి ఒకే కదలికను వందల సార్లు చేయాలి. ప్రతిసారీ సరిగ్గా వచ్చిందా లేదా అన్నది మెదడుకు తెలియాలి.

చిక్కంతా ఇక్కడే. గోడ పట్టుకో, కాలు ఎత్తు, దించు... పది రోజులకే ఎవరికైనా విసుగొస్తది. వీఆర్ పని చేసేది ఆ విసుగు మీద. పేషెంట్‌ను బెల్టులతో కట్టి ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తారు. ఎదురుగా స్క్రీన్‌లో ఒక వీధి. రాయి అడ్డమొస్తే కాలెత్తి దాటాలి. సరిపడా ఎత్తకపోతే సెన్సర్ వెంటనే చెప్పేస్తుంది. పడిపోతానన్న భయం లేకుండా ఎన్ని తప్పులైనా చేయొచ్చు.

మరి ఫలితం ఉందా? 2009లో అనత్ మిరెల్‌మన్ టీమ్ 18 మందితో ఒక స్టడీ చేసింది. అందరూ ఒకే రకం రోబో మీద పాదం పెట్టి, వారానికి మూడు రోజుల చొప్పున నాలుగు వారాలు ప్రాక్టీస్ చేశారు. ఒక గ్రూప్‌కు పాదంతో ఆడే వీఆర్ గేమ్ ఇచ్చారు, ఇంకో గ్రూప్‌కు ఇవ్వలేదు. గేమ్ ఆడినవాళ్ల నడక వేగం, నడిచే దూరం ఎక్కువ పెరిగాయి.

కానీ 18 మంది అంటే చాలా తక్కువ. 2017లో కొక్రేన్ సంస్థ 72 ప్రయోగాలు, 2,470 మంది పేషెంట్ల లెక్కలు కలిపి చూసింది. నడక వేగంలో, బ్యాలెన్స్‌లో వీఆర్ మామూలు థెరపీ కంటే మేలని చెప్పడానికి ఆధారాలు చాలలేదు. చేతుల విషయంలో మాత్రం, మామూలు థెరపీకి తోడుగా వాడి మొత్తం టైమ్ పెంచినప్పుడు లాభం కనిపించింది.

ఈ రంగంలో మన హైదరాబాద్ నుంచి వెళ్లిన తేజ్ తాడి ఉన్నాడు. 2012లో స్విట్జర్లాండ్‌లో మైండ్‌మేజ్ కంపెనీ పెట్టాడు. ఆ కంపెనీ స్ట్రోక్ మెషిన్‌కు 2017లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. అది కూడా థెరపీలో భాగంగా వాడేదే.

కాబట్టి తమ్ముడూ, హెడ్‌సెట్ కొని నాన్నకు పెట్టి ఒంటరిగా నిలబెట్టకు. కళ్లు మూసుకుపోతే తల తిరుగుతది, పడితే తుంటి ఎముక విరుగుతది. ఆ డబ్బులు ఫిజియోథెరపీకి పెట్టు, మధ్యలో ఆపకు.

మా పెద్దబాపు కూడా మధ్యలో ఆపేశాడు. "ఇగ నాతోని కాదురా" అన్నాడు. అప్పుడు ఫిజియోథెరపిస్ట్‌ను అడిగి, ఆయన మనవరాలు వాకిట్లో ముగ్గుపిండితో గీతలు గీసింది. ఒక్కో గీత దాటితే ఒక పాయింట్. పెద్దమ్మ నడుం పట్టుకునేది, పిల్ల స్కోర్ అరిచేది. "నిన్న పద్దెనిమిది, ఇయ్యాల ఇరవై కావాలె తాతా!"

ఇప్పుడు చేతికర్రతో వీధి చివర చాయ్ హోటల్ దాకా పోతున్నాడు. టార్గెట్ ఉండాలి, వెంటనే ఫలితం తెలియాలి, రోజూ చేయాలి. వీఆర్ చేసేదీ ఇదే, ముగ్గుపిండి చేసిందీ ఇదే.

ఇంట్లో ఇలాంటి పెద్దమనిషి ఉంటే, ఈ రోజు ఫోన్ పక్కన పెట్టి ఆయనతో పది అడుగులు వేయండి. మళ్లీ కలుద్దాం. ఉంటాను.