22ఏ

కోనసీమలో పాత మండువా లోగిలి కొని, బాగు చేయించి హోమ్‌స్టే పెట్టాలనుకునేవాళ్లు దూలాలకు చెద పట్టిందా, పెంకు మార్పిస్తే ఎంతవుతుంది అని లెక్కలేస్తారు. వాటికన్నా ముందు చూడాల్సింది 22ఏ. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2007లో చేసిన సవరణతో వచ్చిన సెక్షన్ ఇది. ప్రభుత్వ, అసైన్డ్, దేవదాయ, వక్ఫ్, సీలింగ్ మిగులు భూములు దీని కింద రిజిస్ట్రేషన్ నిషేధిత జాబితాలోకి వస్తాయి. వాటి దస్తావేజును సబ్‌రిజిస్ట్రార్ తిప్పి పంపేస్తారు.

అమలాపురం, రాజోలు, కొత్తపేట వైపు దేవుడి మాన్యాలున్నాయి, గోదావరి లంకలున్నాయి. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) శుభ్రంగా ఉందని అడ్వాన్సు ఇచ్చేయడం నా దృష్టిలో శుద్ధ తొందరపాటు. అందులో కనిపించేవి రిజిస్టరైన లావాదేవీలే. ఎన్నడూ చేతులు మారని మాన్యానికి ఈసీ ఖాళీగానే వస్తుంది.

ఇంకో చిక్కు. ఒక సర్వే నంబరులో ఎకరం మాన్యమైతే, సబ్‌డివిజన్ జరగక మొత్తం నంబరే జాబితాకెక్కుతుంది. పక్క రైతు జిరాయితీ కూడా అందులో ఇరుక్కుంటుంది. తీయించుకోవాలంటే కలెక్టరేట్ చుట్టూ తిరగాలి. ఆ ఆలస్యానికి తగ్గట్టు బేరంలో ధర దిగాల్సిందే. సర్వే నంబరు చేతికి రాగానే రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో కొట్టి చూడొచ్చు. జాబితాలో ఉంటే అడ్వాన్సు వాపసు ఇవ్వాలన్న షరతు అగ్రిమెంటులోనే రాయించుకోవాలి.