టీకా సీసాపై ఆ చిన్న చదరం ఏం చెబుతుంది?

నాంపల్లి దగ్గరి నిలోఫర్ ఆస్పత్రిలోనైనా, అబిడ్స్ పక్క బస్తీలోని ఆరోగ్య కేంద్రంలోనైనా పిల్లలకు టీకాలు ఉచితమే. వాటిని కేంద్రం కొంటుంది. రాష్ట్ర, జిల్లా స్టోర్లు దాటి అవి ఆరోగ్య కేంద్రం ఫ్రిజ్‌కు చేరతాయి. ఎక్కడ ఎంత స్టాక్ ఉందో ‘ఈవిన్’ అనే ఆన్‌లైన్ వ్యవస్థ చూపిస్తుంది. కేంద్రంలో టీకాలు 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్యే ఉండాలి.

మరి దారిలో వేడి తగిలితే? సీసాపై లేదా మూతపై ఒక గుండ్రటి గుర్తు, దాని మధ్యలో లేత రంగు చదరం ఉంటాయి. వేడి తగిలేకొద్దీ చదరం ముదురుతుంది. చుట్టూ ఉన్న వలయం రంగుకు వచ్చిందంటే ఆ టీకా వేయకూడదు. 1996లో పోలియో చుక్కలతో ఈ గుర్తు మొదలైంది. హైదరాబాద్ కంపెనీల నుంచి యునిసెఫ్ ఇతర దేశాలకు కొనే టీకాలపైనా ఉంటుంది.

అయితే ఇది వేడిని మాత్రమే పట్టిస్తుంది, గడ్డకట్టడాన్ని కాదు. పెంటావాలెంట్ టీకా గడ్డకడితే పాడవుతుంది. అందుకే ఐస్ ప్యాక్‌లు కాస్త చెమర్చాకే వాటిని టీకా బాక్సులో పెట్టాలి.

టీకా వేయించే ముందు సీసా చూపించమని నర్సును అడగండి. చదరం లేతగా ఉందా, గడువు దాటలేదు కదా అని చూసుకోండి.